ముద్ర పడితే మరణమేనా?
(కణంలో ప్రోటీనుల ఆయుర్దాయం గురించి)

సృష్టి, స్థితి, లయ అని మనవాళ్ళు మూడు పనులు చెప్పి ముగ్గురు దేవుళ్ళకు అప్పగించారు. బయోకెమిస్ట్రీ పుస్తకాలు మాత్రం చాలాకాలం బ్రహ్మగారి పక్షమే వహించాయి. ప్రోటీను ఎలా తయారవుతుందన్న దానికి ఎన్నెన్నో పేజీలు. తయారైన ప్రోటీను ఎన్నాళ్ళు బతుకుతుంది, దాన్ని ఎవరు, ఎప్పుడు విడదీస్తారు అన్నదానికి ఒక పేరా. ఇప్పటి పుస్తకాల్లో ఆ పేరా కాస్తా అధ్యాయమైంది. సంతోషమే. కానీ ఆ అధ్యాయం చదివి మన విద్యార్థులు పరీక్షలో రాసే వాక్యం ఒక్కటే: "యుబిక్విటిన్ అతికిన ప్రోటీను నాశనమగును."

ఈ వాక్యానికి నేను మార్కులు వేస్తూనే ఉన్నాను, తప్పు కాదు గనక. అయితే అంతమాత్రం తెలుసుకుని ఊరుకుంటే, ఒక రకం రక్త కాన్సరు పాషాణంతో ఎందుకు నయమవుతున్నదో ఎప్పటికీ అర్థం కాదు. యుబిక్విటిన్‌కు అన్నదమ్ములున్నారు. వాళ్ళూ ప్రోటీనులకు అతుక్కుంటారు. అతుక్కుని ఒకచోట ప్రాణం పోస్తారు, ఇంకొకచోట ప్రాణం తీయిస్తారు. ఆ సంగతి చెప్పాలనే ఈ వ్యాసం. "సార్, ఈక్వేషన్లు వద్దు" అని సంచిక సంపాదకుడు ముందే షరతు పెట్టాడు. ఈక్వేషన్లుండవు. పేర్లు మాత్రం కొన్ని తప్పవు.

ముందు, కూల్చడానికి ఖర్చు ఎందుకైందో చూద్దాం.

1930ల చివర న్యూయార్కులో, కొలంబియా విశ్వవిద్యాలయంలో, రుడాల్ఫ్ షోన్‌హైమర్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు బరువైన నైట్రోజన్ పెట్టిన అమైనో ఆమ్లాలను ఎలుకలకు తినిపించాడు. పెరుగుదల ఆగిన ఎలుకలే అవి. తిన్నది తిన్నట్టు శక్తికోసం ఖర్చయిపోయి మూత్రంలో బయటపడుతుందని అప్పటివాళ్ళ నమ్మకం. అలా జరగలేదు. ఆ నైట్రోజన్‌లో చాలా భాగం ఎలుక ఒంటి ప్రోటీనుల్లో కలిసిపోయింది. అంటే, పైకి కదలకుండా కనిపించే శరీరం లోపల అనుక్షణం పడగొట్టుకుంటూ, కట్టుకుంటూ ఉన్నదన్నమాట. ఇందులోనూ అందరి ఆయుష్షూ ఒకటి కాదు. ఎర్ర రక్తకణంలోని హిమోగ్లోబిన్ ఆ కణంతోపాటు దాదాపు 120 రోజులుంటుంది. కంటి కటకంలో ఉండే క్రిస్టలిన్లు మనం పుట్టినప్పటివి మనతోనే ముసలివవుతాయి. కాన్సరు రాకుండా కాపలా కాసే పి53 అనే ప్రోటీను మామూలు కణంలో పట్టుమని అరగంట నిలవదు.

1953లో సింప్సన్ అనే ఆయన ఎలుక కాలేయపు ముక్కల మీద పనిచేసి ఒక వింత చూశాడు. ఊపిరి ఆడకుండా చేసి కణానికి శక్తి అందకుండా ఆపితే, ప్రోటీను విచ్ఛిత్తి కూడా మందగించింది! ఇది ఎందుకు వింత అంటారా? మన పేగుల్లో ట్రిప్సిన్ ఉన్నది. పప్పునూ మాంసాన్నీ అది ముక్కలు చేస్తుంది. దానికి ఎ.టి.పి. అక్కర్లేదు. నీళ్ళు చాలు. కొండ మీద నుంచి రాయిని దొర్లించడానికి ఎడ్లబండి ఎందుకు? (ఎ.టి.పి. అనగానే మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారిని తలుచుకోవాలి. 1929లో హార్వర్డులో ఫిస్కేతో కలిసి ఆయన, జర్మనీలో విడిగా లోమాన్, ఈ పదార్థాన్ని కనుక్కున్నారు. కట్టడానికే కాదు, కూల్చడానికీ ఇదే కావలసి వస్తుందని అప్పటికి ఎవరికీ తెలియదు.)

జవాబు పావు శతాబ్దం తరువాత దొరికింది. ఇజ్రాయెల్‌లో హైఫా నగరపు టెక్నియన్ సంస్థలో అవ్రమ్ హెర్ష్‌కో, ఆయన విద్యార్థి ఆరన్ చికానోవర్, ఫిలడెల్ఫియాలో అర్విన్ రోజ్ - ఈ ముగ్గురూ కుందేలు లేత ఎర్ర రక్తకణాల రసం తీసి, దాన్ని స్తంభం గుండా పంపి రెండు భాగాలు చేశారు. ఏ భాగమూ ఒంటరిగా ప్రోటీనును విరగ్గొట్టలేదు. కలిపితే విరగ్గొట్టింది. మొదటి భాగంలో ఉన్న అవసరమైన వస్తువేదో వేడి చేసినా చావలేదు. హిమోగ్లోబిన్ అంతా పెరుగులా విరిగిపోయి అడుగున పడితే, ఇది తేటలో మిగిలింది. చిన్న ప్రోటీను. 1980లో వాళ్ళు చూసిన అసలు విశేషం, ఈ చిన్న ప్రోటీను ఎంజైములా కోయడం లేదు. కోయవలసిన ప్రోటీనుకు పోయి గట్టిగా అతుక్కుంటున్నది. అది 1975లోనే గోల్డ్‌స్టీన్ వేరే పనిమీద దూడ థైమస్ గ్రంథి నుంచి తీసి యుబిక్విటిన్ అని పేరు పెట్టిన పదార్థమేనని అదే ఏడు తేలింది. ముగ్గురికీ 2004లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది.

యుబిక్విటిన్‌లో అమైనో ఆమ్లాలు 76. ఈస్టులో ఉన్నదానికీ మనిషిలో ఉన్నదానికీ తేడా మూడంటే మూడు చోట్ల. తోకలో చివరి రెండూ గ్లైసిన్లు. ఆ తోకే కొక్కెం. ఇ1 అనే ఎంజైము ఎ.టి.పి.ని ఖర్చుపెట్టి తోకను చురుకుచేసి, తన సిస్టీన్‌లోని గంధకానికి తగిలించుకుంటుంది. అక్కడినుంచి ఇ2 అందుకుంటుంది. ఇ3 అనేది ఫలానా ప్రోటీను అని పోల్చుకుని, దాని లైసిన్ మీద ఈ తోకను కలిపిస్తుంది. మనలో యుబిక్విటిన్‌కు ఇ1లు రెండే. ఇ2లు నలభైకి అటూ ఇటూ. ఇ3లు ఆరు వందలకు పైమాటే. లెక్క చూస్తేనే తెలుస్తుంది, మనిషిని పోల్చుకునే పని ఎవరిదో. ఒక యుబిక్విటిన్ మీద, దాని 48వ లైసిన్ దగ్గర, ఇంకొకటి, దానిమీద ఇంకొకటి - ఇలా గొలుసు పెరిగితే, 26ఎస్ ప్రోటియాసోము అనే పీపాలాంటి యంత్రం ఆ గొలుసును పట్టుకుని, ప్రోటీను మడతలు విప్పి లోపలికి లాక్కుని ముక్కలు చేస్తుంది. యుబిక్విటిన్ మాత్రం ఊడి మళ్ళీ పనికొస్తుంది. ఖర్చంతా ఇక్కడే: ఎంపికకూ, మడతలు విప్పడానికీ. ట్రిప్సిన్‌కు ఎంపిక లేదు, దొరికిందల్లా కొరుకుతుంది. అది పేగులో ఉండబట్టి సరిపోయింది గానీ, కణం మధ్యలో తిరగనిస్తే కొంప కొల్లేరవుతుంది.

ఇంతవరకూ సిలబస్సు. ఇక మీదిదే నేను చెప్పదలచుకున్నది.

సుమో అనే సోదరుడు

1996, 97 సంవత్సరాల్లో అమెరికాలో రెండు బృందాలు, కణకేంద్రపు గుమ్మాల దగ్గర ఉండే రాన్‌గ్యాప్-1 అనే ప్రోటీనును పరిశీలిస్తూ, అది కొంత బరువెక్కి ఉండటం గమనించాయి. దానికి ఏదో చిన్న ప్రోటీను అతికి ఉన్నది. వరసలు పోల్చి చూస్తే యుబిక్విటిన్‌తో పోలిక నూటికి పద్దెనిమిది పాళ్ళే. అంత తక్కువైతే చుట్టరికం లేదని కొట్టిపారేయవచ్చు. కానీ మడత చూస్తే అచ్చం అదే మడత. తోక చివర అవే రెండు గ్లైసిన్లు. దీనికి సుమో అని పేరు పెట్టారు. జపాను మల్లయోధులతో దీనికేమీ సంబంధం లేదు, ఇంగ్లీషు పొడి అక్షరాలు అలా కుదిరాయంతే.

సుమోకు సొంత ఇ1 ఉన్నది. ఇ2 మాత్రం ఒక్కటే, యు.బి.సి.9. యుబిక్విటిన్‌కు నలభై మంది గుమాస్తాలుంటే సుమో కచేరీలో ఒక్కడే గుమాస్తా. చాలా ప్రోటీనుల మీద సుమో వాలే చోటుకు ఒక ఆనవాలుంటుంది: ముందొక నూనె స్వభావపు అమైనో ఆమ్లం, తరువాత లైసిన్, తరువాత ఏదైనా ఒకటి, ఆపైన గ్లుటమేట్. ఈ చివరి గ్లుటమేటును గుర్తుంచుకోండి. వ్యాసం చివర మళ్ళీ పని పడుతుంది.

రాన్‌గ్యాప్-1 మీద సుమో అతికితే ఆ ప్రోటీను చావలేదు, గుమ్మం దగ్గరికి చేరి అక్కడ కుదురుకున్నది. అప్పుడే జనానికి అనుమానం మొదలైంది. ఇదేమిటి, యుబిక్విటిన్ వంశంలో పుట్టి ప్రాణం తీయదా?

1998లో స్కాట్లండులోని సెంట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయం నుంచి రోనాల్డ్ హే బృందం ఇంకా ఘాటైన సంగతి ప్రకటించింది. ఎన్.ఎఫ్. కప్పా-బి అనేది వాపు, జ్వరం, రోగనిరోధం - వీటికి కావలసిన జీన్లను లేపే ప్రోటీను. ఊరికే లేపితే ప్రమాదం గనక, ఐ-కప్పా-బి ఆల్ఫా అనే ఇంకొక ప్రోటీను దాన్ని కణకేంద్రం బయట పట్టి ఉంచుతుంది. శరీరంలో సూక్ష్మజీవి చొరబడిందన్న కబురు రాగానే ఐ-కప్పా-బి మీద 32, 36 సెరీన్లకు ఫాస్ఫేటు పడుతుంది. అది చూసి ఒక ఇ3 వచ్చి 21, 22 లైసిన్ల మీద యుబిక్విటిన్ గొలుసు వేస్తుంది. నిమిషాల్లో ఐ-కప్పా-బి మాయం. బంధం తెగిన కప్పా-బి కణకేంద్రంలోకి దూకుతుంది. హే బృందం చూసిందేమిటంటే, సుమో కూడా ఆ 21వ లైసిన్ మీదే కూర్చుంటుంది. సుమో ముందే కూర్చున్న ఐ-కప్పా-బికి యుబిక్విటిన్ దిక్కు లేదు, అది బతికిపోతుంది.

మన ఆర్టీసీ బస్టాండులో పండుగరోజు చూడండి. బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి ఒక తువ్వాలు లోపల పడుతుంది. సీటు ఆగిపోయింది! తువ్వాలుకు బలం లేదు, అది ఎవర్నీ నెట్టదు. అయినా ఇంకొకడు కూర్చోడు. సుమో ఐ-కప్పా-బి మీద చేసే పని ఇంతే.

ఇక్కడ క్లాసులో తెలివైన పిల్లలు ఒక ప్రశ్న వేస్తారు. "సార్, కణంలో ఉన్న ఐ-కప్పా-బిలో సుమో ఎక్కింది ఏ క్షణాన చూసినా కొద్దిపాటే కదా, మిగతాదంతా పోతుంటే ఆ కొంచెం మిగిలి ఏం లాభం?" మంచి ప్రశ్న. ఒక్క ఐ-కప్పా-బికే కాదు, సుమో అతికే చాలా ప్రోటీనుల విషయంలో ఇదే చిక్కు: ఎక్కినవి తక్కువ, ఫలితం ఎక్కువ. సెన్‌పు అనే కత్తెర ఎంజైములు ఎక్కినదాన్ని ఎప్పటికప్పుడు దించేస్తుంటాయి, కాబట్టి ఒక క్షణంలో తక్కువగా కనిపించినంత మాత్రాన కాసేపట్లో ఎన్ని ప్రోటీనులు సుమో ఎక్కి దిగాయో తెలియదు అని ఒక సమాధానం. నాకు ఇది సగమే తృప్తి. ఐ-కప్పా-బి విషయంలో తువ్వాలు లెక్క అన్ని సీట్లకూ సరిపోదని నా అభిప్రాయం.

ఏమైతేనేం, ఆ రోజుల్లో సమీక్షా వ్యాసాల్లో ఒక సూత్రం స్థిరపడింది: యుబిక్విటిన్ చంపును, సుమో కాచును. చెప్పడానికి ఎంత బాగున్నదో! పరీక్షకూ బాగుంటుంది. దాన్ని పటాపంచలు చేసింది ఒక జబ్బు, ఒక విషం.

పాషాణం కథ

1957లో నార్వేలో హిల్లెస్టాడ్ అనే వైద్యుడు ముగ్గురు రోగుల గురించి రాశాడు. తెల్ల రక్తకణాల కాన్సరు. కానీ మిగతా ల్యుకేమియాల్లాగా కాక, రక్తం గడ్డకట్టే శక్తి పోయి, రోగి వారాల్లోనే రక్తస్రావంతో చనిపోతున్నాడు. దీనికి ప్రోమైలోసైటిక్ ల్యుకేమియా అని పేరు. ఉదయం చిగుళ్ళలోంచి రక్తం, ఒంటిమీద నీలి మచ్చలు అని ఆసుపత్రికి వచ్చినవాడు సాయంత్రానికి మెదడులో రక్తస్రావమై పోవచ్చు. వచ్చేవాళ్ళలో ముసలివాళ్ళు తక్కువ, మీ వయసువాళ్ళూ నడివయసువాళ్ళూ ఎక్కువ. 1977లో షికాగోలో జానెట్ రౌలీ బృందం దీని మూలం పట్టుకున్నది. 15వ క్రోమోసోము ముక్క, 17వ క్రోమోసోము ముక్క ఒకదాని చోటుకు ఇంకొకటి మారాయి. ఆ అతుకులో 15 మీది పి.ఎమ్.ఎల్. జీనూ, 17 మీది రెటినోయిక్ ఆమ్ల గ్రాహకపు జీనూ కలిసిపోయి రెండు తలల ప్రోటీను ఒకటి పుడుతున్నది. అది ఉన్నంతకాలం తెల్లకణం ముదరదు. లేతగానే ఉండి పెరిగిపోతుంది. రోగం మొత్తం ఆ ఒక్క ప్రోటీను మీద నిలబడి ఉన్నది. అది పోతే రోగం పోవాలి.

మందు మాత్రం ఈ తర్కం తెలియకముందే దొరికింది. దొరికింది చైనాలో. 1970ల మొదట్లో హార్బిన్ నగరపు వైద్యుడు జాంగ్ టింగ్‌డాంగ్, పల్లెల్లో వాడే నాటు మందు ఒకటి తీసుకుని, అందులో ఉన్న పాషాణం, పాదరసం, కప్ప విషం వగైరాల్లో పనిచేసేది పాషాణమే అని వేరుచేశాడు. ఆర్సెనిక్ ట్రయాక్సైడ్. మనం తెల్ల పాషాణం అంటామే, అదే. షాంఘైలో వాంగ్ జెన్‌యీ 1985లో, విటమిన్-ఎ నుంచి వచ్చే రెటినోయిక్ ఆమ్లంతో ఇదే జబ్బుకు వైద్యం మొదలుపెట్టాడు. 1988లో ఆ ఫలితాలు ప్రపంచానికి తెలిశాయి. 1990లలో ఆర్సెనిక్ ఫలితాలూ బయటికి వచ్చాయి. 2000లో అమెరికా ప్రభుత్వం ఆర్సెనిక్ ట్రయాక్సైడ్‌ను మందుగా అంగీకరించింది. 2013లో ఇటలీ, జర్మనీ వైద్యులు ప్రకటించిన పరీక్షలో, తీవ్రత మరీ ఎక్కువ కాని రోగులకు మామూలు కాన్సరు మందులు లేకుండా రెటినోయిక్ ఆమ్లం, ఆర్సెనిక్ రెండే ఇచ్చి చూశారు. రెండేళ్ళకు ఏ అవాంతరమూ లేకుండా ఉన్నవాళ్ళు నూటికి 97 మంది. పాత పద్ధతిలో 86.

మన పక్కనే వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ ఉన్నది. చిత్తూరు, అనంతపురం వైపునుంచి ఎంతమంది అక్కడికి వెళతారో చెప్పనక్కర్లేదు. అక్కడి వైద్యులు ఇంకొక అడుగు ముందుకు వేసి, ఆర్సెనిక్ ఒక్కదాన్నే కొత్త రోగులకు ఇచ్చి చూశారు. ఖర్చు భరించలేని దేశంలో ఇది చిన్న విషయం కాదు. 2006లో వాళ్ళు ప్రకటించిన లెక్క: 72 మంది రోగుల్లో 86 శాతం మందికి రోగం పూర్తిగా అణగింది.

ఒక హెచ్చరిక కూడా చెప్పేస్తాను. వైద్యుడు ఇచ్చేది రోజుకు కిలో బరువుకు 0.15 మిల్లీగ్రాములు, రక్తనాళంలోకి, గుండె లయను ఇ.సి.జి.లో చూసుకుంటూ. అరవై కిలోల మనిషికి తొమ్మిది మిల్లీగ్రాములన్నమాట. నూరూ రెండు నూర్ల మిల్లీగ్రాములు ఒక్కసారిగా లోపలికి పోతే మనిషి చనిపోతాడు. చైనాలో మణిశిలతో చేసిన మాత్రలు కూడా పరీక్షించి వాడుతున్నారు. ఆ మాట పట్టుకుని ఎవరో భస్మం ఇస్తే మింగేరు!

సరే, పాషాణం ఏం చేస్తున్నది? ఆ రెండు తలల ప్రోటీను కణంలోంచి మాయమైపోతున్నది. ఎలా మాయమవుతున్నదని 1990ల చివర పారిస్‌లో యూగ్ ద తె బృందమూ మరికొందరూ చూస్తే, విచిత్రం కనిపించింది. పాషాణం పెట్టగానే పి.ఎమ్.ఎల్. మీద అతుక్కుంటున్నది సుమో! కాపాడవలసిన సుమో. తువ్వాలు పడ్డ సీటు ఖాళీ అయిపోతున్నది. 2001లో ఇంకా స్పష్టమైంది: పి.ఎమ్.ఎల్.లోని 160వ లైసిన్ మీద సుమో పడకపోతే పాషాణం దాన్ని చంపలేదు. చంపేది ప్రోటియాసోమే. కానీ ప్రోటియాసోముకు సుమో గొలుసుతో పని లేదు, అది యుబిక్విటిన్ గొలుసునే పడుతుంది. మధ్యలో ఎవరో ఉన్నారు. ఎవరు?

ఏడేళ్ళు ఈ ప్రశ్న అలాగే ఉండిపోయింది. జవాబుకు దారి ఈస్టు నుంచి వచ్చింది. 2007లో ఈస్టుల మీద పనిచేసేవాళ్ళు ఒక కొత్త రకం ఇ3ను వర్ణించారు. ఇ3 అంటే ఫాస్ఫేటునో, ప్రోటీను వరసనో చూసి పోల్చుకుంటుందని కదా చెప్పుకున్నాం. ఇది సుమోనే చూసి పోల్చుకుంటుంది. మనిషిలో దీని జోడు ఆర్.ఎన్.ఎఫ్.4. దాని ఒంటిమీద సుమోను పట్టుకునే కొక్కేలు వరసగా నాలుగు ఉన్నాయి. ఒక సుమో ఉంటే పట్టు చాలదు. సుమో మీద సుమో ఎక్కి గొలుసైతే నాలుగు కొక్కేలూ పడి పట్టు బిగుస్తుంది. అప్పుడు దాని రెండో చివర యుబిక్విటిన్ గొలుసు వేయిస్తుంది. ప్రోటియాసోము వస్తుంది. 2008లో ఇది పారిస్ బృందమూ, స్కాట్లండులో డండీ బృందమూ ఒకేసారి ప్రకటించారు. డండీ బృందానికి నాయకుడెవరనుకున్నారు? ఐ-కప్పా-బి మీద సుమో కాపలా కాస్తుందని పదేళ్ళ క్రితం చూపించిన ఆ రోనాల్డ్ హే గారే. తాను నిలబెట్టిన సూత్రానికి ఆయనే రెండో ముఖం చూపించాడు. ఈ శాస్త్రంలో నాకు నచ్చిన ఘట్టాల్లో ఇదొకటి.

పాషాణం మొదట అంటుకునేది పి.ఎమ్.ఎల్.లోని సిస్టీన్ గంధకాలకు. ఆర్సెనిక్‌కు గంధకం మీద మోజు ఎక్కువ అని కెమిస్ట్రీ వాళ్ళకు చెప్పక్కర్లేదు. మణిశిల, హరిదళం రెండూ ఆర్సెనిక్ గంధకాలే గదా. 2010లో చైనా బృందం ఈ బంధాన్ని చూపించింది. అంటుకోగానే పి.ఎమ్.ఎల్. అణువులు ఒకదానితో ఒకటి పెనవేసుకుని కణకేంద్రంలో గుత్తులు కడతాయి, అక్కడ సుమో గుమాస్తా వచ్చి వాలతాడు. కొందరు రోగులకు పాషాణం పనిచేయడం మానేస్తుంది. వాళ్ళ కాన్సరు కణాల్లో చూస్తే, పి.ఎమ్.ఎల్. 216వ స్థానంలో ఎలనిన్ పోయి వేలిన్ వచ్చినవాళ్ళున్నారు. పాషాణం అంటే చోటికి పక్కనే అది. మూడు కార్బన్ల అమైనో ఆమ్లం అయిదు కార్బన్లదైంది, అంతే తేడా. మనిషి ప్రాణం దానిమీద ఆధారపడి ఉన్నది.

ఇప్పుడు రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. ఐ-కప్పా-బి మీద సుమో పడితే బతికింది. పి.ఎమ్.ఎల్. మీద పడితే చచ్చింది. ముద్ర ఒకే వంశానిది. పోస్టుకార్డు పదిహేను పైసలదైనా అర్ధరూపాయిదైనా ఒకే కార్డు. మూలల్లో పసుపు రాసి వస్తే ఇంట్లో గారెలు వండుతారు, నల్ల సిరాతో కర్మకాండ కబురై వస్తే తలస్నానానికి లేస్తారు. లేచేది కార్డు కాదు, చదివినవాళ్ళు. సుమోను చదివేవాడు ఆర్.ఎన్.ఎఫ్.4 అయితే మరణం. సుమో కూర్చున్నది యుబిక్విటిన్‌కు కావలసిన లైసిన్ మీదే అయి, గొలుసుగా పెరగకుండా ఒంటరిగా ఉంటే జీవితం. 'అతికింది' అని రాసి ఆపకుండా ఏ లైసిన్ మీద, ఒకటా గొలుసా, చదివేదెవరు అని రాసిన విద్యార్థికి నేను పూర్తి మార్కులు వేస్తాను.

మిగతా బంధువర్గం

నెడ్-8 అని ఇంకొకడున్నాడు. యుబిక్విటిన్‌కు అందరికంటే దగ్గరి చుట్టం, పోలిక నూటికి అరవై దాకా. వీడి పద్ధతి వేరు. చావవలసిన ప్రోటీను మీద పడడు. చంపే యంత్రం మీద పడతాడు. కల్లిన్లు అనే ప్రోటీనుల మీద కట్టిన ఇ3లు రెండు వందలకు పైగా ఉన్నాయి. కల్లిన్ మీద నెడ్-8 ఎక్కితేనే అవి చురుకుగా పనిచేస్తాయి. ఐ-కప్పా-బిని చంపుతుందని చెప్పానే, ఆ ఇ3 ఈ జాతిదే. కాబట్టి ఒక్క ఐ-కప్పా-బి ఆయుష్షు మూడు ముద్రల చేతిలో ఉన్నది: యుబిక్విటిన్ పడితే చావు, సుమో పడితే అడ్డు, నెడ్-8 వేరొకడి మీద పడకపోతే చంపేవాడే మందకొడి. నెడ్-8 ఇ1ను ఆపే పెవొనెడిస్టాట్ అనే మందు ప్రయోగశాలలో కాన్సరు కణాలను బాగానే చంపింది. చావవలసిన ప్రోటీనులు పేరుకుపోయి, కణం తన డి.ఎన్.ఎ.ను మళ్ళీ మళ్ళీ నకలు తీసుకుని ఛిన్నాభిన్నమవుతుంది. అయితే 2021లో వెలువడిన పెద్ద పరీక్షలో రోగులకు ఆశించిన మేలు కనిపించలేదు. గాజు గిన్నెకూ మనిషికీ ఉన్న దూరం అది.

ఫ్యాట్-10 అనేవాడు యుబిక్విటిన్ సాయం లేకుండా తానే ప్రోటీనును ప్రోటియాసోము దగ్గరికి తీసుకుపోతాడు. ఐ.ఎస్.జి.-15 వైరసు సోకినప్పుడు పుట్టుకొస్తాడు. ఎ.టి.జి.-8 ప్రోటీను మీద కాక ఏకంగా కొవ్వు అణువు మీద అతుక్కుంటాడు. కణం తన భాగాలను తానే మింగే ఆటోఫజీకి అది మొదటి మెట్టు, దానిమీద పనికి జపానుకు చెందిన ఒసుమి గారికి 2016లో నోబెల్ వచ్చింది. వీళ్ళందరి గురించి రాస్తే సంచిక చాలదు. ఒక్క పప్ సంగతి మాత్రం చెప్పాలి. క్షయ సూక్ష్మజీవిలో యుబిక్విటిన్ లేదు, ప్రోటియాసోము మాత్రం ఉన్నది. మరి ముద్ర ఎవరిది? 2008లో దొరికింది. పప్ అనే 64 అమైనో ఆమ్లాల ప్రోటీను, అదీ లైసిన్ మీదే అతుకుతుంది. కానీ మడతలో యుబిక్విటిన్‌తో చుట్టరికమే లేదు, అసలు దానికి స్థిరమైన మడతే లేదు. వేరే దారిలో నడిచి అదే ఊరు చేరుకున్నదన్నమాట. మన శరీరం క్షయ క్రిమిమీద వదిలే నైట్రిక్ ఆక్సైడును తట్టుకోవడానికి దానికి ఆ ప్రోటియాసోము కావాలి. అందుకే మందుల తయారీవాళ్ళ కన్ను దానిమీద పడింది.

ఎం.ఎస్సీ. ప్రాజెక్టుకు ఇలాంటి పని ఎంచుకునే వాళ్ళకు రెండు మాటలు.

సుమోను చూడాలంటే ముందు దాన్ని పోనివ్వకూడదు. కణాన్ని మామూలు ద్రావణంలో పగలగొట్టారా, సెన్‌పు కత్తెరలు విజృంభించి జెల్ మీదికి వచ్చేలోపు సుమోనంతా దించేస్తాయి. మీరు "సుమో లేదు" అని రాసుకుంటారు. కత్తెరల సిస్టీన్‌ను మూసేసే ఎన్-ఇథైల్ మలిమైడ్ ద్రావణంలో ముందే ఉండాలి, లేదా నేరుగా వేడి ఎస్.డి.ఎస్.లోనే పగలగొట్టాలి. అప్పుడు మీ ప్రోటీను గీతకు పైన, ఇరవై వేల డాల్టన్లదాకా ఎడంగా, సన్నటి గీత కనిపిస్తుంది. గొలుసైతే నిచ్చెన మెట్లలా కనిపిస్తుంది.

ఆయుష్షు కొలవాలంటే సైక్లోహెక్సిమైడ్ వేసి కొత్త తయారీ ఆపి, గంట గంటకూ ఎంత మిగిలిందో చూడాలి. పక్కనే ప్రోటియాసోమును ఆపే ఎం.జి.-132 వేసిన గిన్నె ఒకటి ఉండాలి. అందులో ప్రోటీను నిలబడితేనే చంపుతున్నది ప్రోటియాసోము అనవచ్చు.

ఇక అందరూ పడే గోతి. సుమో పడకుండా చేయాలని లైసిన్‌ను ఆర్జినిన్‌గా మారుస్తారు. ప్రోటీను ఆయుష్షు పెరుగుతుంది. "చూశారా, సుమో చంపుతున్నది!" అంటారు. అక్కడే ఆగండి. ఆ లైసిన్ పోయాక దానిమీద యుబిక్విటిన్ కూడా పడదు. ఆయుష్షు పెరిగింది ఎవరు పోయినందుకు? ఐ-కప్పా-బి 21వ లైసిన్ మీద ఈ ప్రశ్నకు అలా జవాబు రాదు. ఇందాక గుర్తుంచుకోమన్న గ్లుటమేట్ ఇక్కడ పనికొస్తుంది. లైసిన్‌ను ముట్టుకోకుండా, దానికి రెండు స్థానాల అవతల ఉన్న గ్లుటమేటును ఎలనిన్‌గా మార్చండి. ఆనవాలు చెడి యు.బి.సి.9 వాలదు. లైసిన్ మాత్రం అక్కడే ఉన్నది, యుబిక్విటిన్ రావచ్చు. ఈ రెండు మార్పుల ఫలితాలూ ఒకటే అయితే మాట్లాడండి. వేరువేరుగా వస్తే, అసలు ప్రాజెక్టు అప్పుడే మొదలైనట్టు.